తెలుగులో చదివి వినిపించిన ఫిర్యాదు

మొన్న సైబర్ విభాగంలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరయ్యాక హోసూరు మూకండపల్లిలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుకునే మనిషిని నేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. నాకు ముందు మాట్లాడినాయన తెర మీద బొమ్మలు వేసి సాఫ్ట్‌వేర్ల పేర్లు గడగడా చెప్పాడు. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. "రెండు నిమిషాల్లో ముగించండి సార్" అని చెవిలో చెప్పారు. "జాగ్రత్తగా పని చేయండి, ఆరోగ్యం చూసుకోండి" అని చెప్పి దిగిపోయాను. చెప్పాలనుకున్నది కడుపులోనే ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో నా ఘనకార్యాలు వెతకొద్దు. ప్రశంసాపత్రాలు బీరువాలో ఉన్నాయి, మా ఆవిడ వాటి మీద పట్టుచీరలు పెట్టుకుంటుంది. నేను చెప్పబోయేది ఒకే ఒక కేసు, అందులో నేను చేసిన తప్పు.

మేడ మీద గది

పాతికేళ్ళకు పైగా మామూలు స్టేషన్లలో తిరిగాను. జాతర బందోబస్తులు, బస్టాండు తగాదాలు, గట్ల కాడ కొట్లాటలు. మోకాళ్ళు అరిగాక నన్ను క్రిష్ణగిరిలో సైబర్ పనికి వేశారు. "నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు సార్" అంటే, "నీకు మూడు భాషలు వచ్చు గదా, అది చాలు" అన్నాడు పై అధికారి. నిజమే. హోసూరులో పుట్టినవాడికి తెలుగు, తమిళం, కన్నడం ఎవరూ నేర్పక్కర్లేదు. పాలంగడిలో ఒకటి, బళ్ళో ఒకటి, బస్సులో ఒకటి.

ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే కళ్ళ ముందే ఉన్నట్టుంది. పొద్దున్నే హోసూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, శూలగిరి కొండ కనబడే వేళకు ఒక కునుకు పూర్తయ్యేది. మా గది మేడ మీద. మూడు బల్లలు, రెండు కంప్యూటర్లు, గోడకు ఆనించి ఫిర్యాదుదారుల కోసం ఒక బెంచీ. లోపల ఇన్స్పెక్టర్ మేడమ్‌కు చిన్న గది. వర్షం వస్తే ఒక మూల కారేది, ఆ మూలకు బక్కెట్టు పెట్టడం నా డ్యూటీ. హెడ్ కానిస్టేబుల్ పేరు కల, ధర్మపురి మనిషి, రోజూ టిఫిన్‌లో నిమ్మకాయ పులిహోర తెచ్చి అందరికీ పంచేది. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పించింది కూడా ఆమే. నా కూతురి వయసు పిల్ల నా చెయ్యి పట్టి "మెల్లగా నొక్కండి సార్, అది లాఠీ కాదు" అనేది. అంత హాయిగా పని చేసిన గది నా సర్వీసులో ఇంకొకటి లేదు.

ఇన్స్పెక్టర్ పూంగొడి మేడమ్ తిరునెల్వేలి వైపు నుంచి వచ్చింది. తెలుగు ముక్క రాదు. కోపం తక్కువ, పట్టు ఎక్కువ. ఒకసారి బాగలూరు పక్క నుంచి గులాబీ తోటల రైతు ఒకాయన వచ్చాడు.

"సార్, ఈ ఫోను నా మాటలు వింటా ఉంది. రాత్రి మా ఇంట్లో డ్రిప్ పైపులు మార్చాల అనుకొంటిమి. పొద్దున లేస్తే ఫోన్లో డ్రిప్ పైపుల అడ్వర్టైజ్‌మెంటు. కేసు కట్టండి."

"ఎవరి మీద అప్పా?" అన్నాను.

ఆయన ఫోను తీసి నా బల్ల మీద పెట్టాడు. "దీని మీదనే."

నేనూ కలా నవ్వు ఆపుకోలేకపోయాం. మేడమ్ నవ్వలేదు. నన్ను పక్కన పెట్టుకుని, ఆయన ఫోన్లో ఏ యాప్‌కు మైకు అనుమతి ఉంది, ఏది ఎక్కడికి పోతుంది, ఒక్కొక్కటే చూపించి మూయించింది. ఆయన దండం పెట్టి పోయాక మాతో, "ఆయన అడిగింది సరైన ప్రశ్న. నా ఇంట్లో మాట బయటికి ఎట్లా పోయిందని అడిగాడు. మన ఉద్యోగం అంతా అదే" అంది. నేను తల ఊపాను. ఊపడం సులభం.

రత్న

ఆమె అసలు పేరు రాయను. రత్న అనుకోండి. జవళగిరి దగ్గర ఒక పల్లెలో కోడలు. అత్తగారింట్లో గొర్రెలు, కొంచెం రాగి చేను. ఆమె మాత్రం హోసూరులో ఒక కంపెనీకి పోయేది, తెల్లారి కంపెనీ బస్సు వాళ్ళ ఊరి మలుపుకు వచ్చేది. భర్త శీనప్ప టిప్పర్ డ్రైవరు. ఒక రోజు మధ్యాహ్నం అతను ఆమెను మా దగ్గర దించి కింద టీ అంగట్లో కూర్చున్నాడు. ఆమె ఒక్కతే మేడ ఎక్కి వచ్చింది.

ఆమెకు బిడ్డ పుట్టాక రొమ్ములో గడ్డ కట్టింది. కంపెనీలో సెలవు దొరకక, హోసూరు డాక్టరమ్మకు ఫోన్లో ఫోటో తీసి పంపింది. మందు వచ్చింది, గడ్డ కరిగింది, ఆ ఫోటో ఫోన్లోనే ఉండిపోయింది. ఏడాది తరువాత ఎవరో తెలియని ఖాతా నుంచి ఆ ఫోటోనే ఆమెకు వచ్చింది. వీడియో కాల్‌లో నేను చెప్పినట్టు చేయకపోతే మీ ఊరి గ్రూపులో పెడతాను అని కింద రాసి ఉంది.

"మా ఇంటాయనకు చెప్పినాను సార్. ఆయనే పోయి కంప్లైంట్ ఇచ్చిరా అన్నాడు. ఆయన మంచోడు. కానీ నా పేరు యాడా రాకూడదు. ఊర్లో తెలిస్తే నేను ఆడ తల ఎత్తుకొని తిరగలేను. అట్ల రాదంటేనే కంప్లైంట్ ఇస్తాను."

"రాదు తల్లీ. నాది హామీ" అన్నాను. ఆమె నా మాట నమ్మి కూర్చుంది.

ఆ రోజు మేడమ్ సాక్ష్యం చెప్పడానికి చెన్నైకి పోయింది, ఆమె గది తాళం వేసి ఉంది. ఇలాంటి కేసుల్లో ఆడమనిషి ఫిర్యాదు ఆడ పోలీసే రాయాలి కాబట్టి కల రాయడానికి కూర్చుంది. కలకు తెలుగు రాదు, రత్నకు తమిళం మాట్లాడటం అంతంత మాత్రం, చదవడం అసలు రాదు. మధ్యలో నేను. రత్న తెలుగులో చెబితే నేను తమిళంలో చెప్పాను, కల రాసింది. అంతవరకు అందరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

రాయడం అయిపోయాక ఒక పని మిగులుతుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఫిర్యాదు రాశాక, ఇచ్చిన మనిషికి దాన్ని చదివి వినిపించాలి. చదివి వినిపించగా సరేనని ఒప్పుకున్నారు అని చివర రాసి సంతకం పెట్టించాలి. చట్టంలోనే ఉంది. చదువు రానివాళ్ళు చెప్పింది ఒకటి, పోలీసు రాసుకున్నది ఒకటి కాకూడదని పెట్టిన మంచి నియమం. నేను వేల కాగితాలు అలా చదివాను. బందోబస్తులో అరిచి అరిచి నాది పెద్ద గొంతు. చదివేటప్పుడు కోర్టులో చదివినట్టు, ఊరి పేరు, భర్త పేరు, ఇంటి పేరుతో సహా చదువుతాను. అందులో ఒక గర్వం కూడా ఉండేది నాకు.

బెంచీ మీద ఆ వేళ ఒక పెద్దాయన ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. ఫోను పోయిందని వచ్చాడు. వచ్చినప్పుడు నేను తమిళంలో అడిగితే తమిళంలో జవాబిచ్చాడు. తమిళాయన అనుకున్నాను.

మా వైపు తెలుగువాళ్ళకు ఒక అలవాటు ఉంది. అరవవాళ్ళ మధ్య ఉన్నప్పుడు ఇంటి సంగతులు తెలుగులో మాట్లాడేసుకుంటాం. బస్సులో, ఆస్పత్రిలో, పెళ్ళిచూపుల్లో కూడా. తెలుగులోకి దిగితే మనమిద్దరమే గదిలో ఉన్నట్టు లెక్క. ఆ రోజు నేనూ అదే లెక్క వేసుకున్నాను. కల రాసిన తమిళం చూస్తూ, రత్నకు అర్థమయ్యేలా తెలుగులో, నా మామూలు గొంతుతో మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఊరు, పేరు, భర్త పేరు, ఫోటోలో ఏముంది, అన్నీ.

రత్న తల వంచుకుని వింది. సంతకం పెట్టింది. పెద్దాయన తువ్వాలు సర్దుకుంటూ గోడ వైపు చూస్తున్నాడు.

చెయ్యి దాటిన ఫోను

మేడమ్ తిరిగి రాగానే ఫైలు చదివి రత్నను పిలిపించింది. నేనైతే ఆ ఖాతా ఎవరిది, ఏ ఊరిది అని ఇంటర్నెట్ కంపెనీలకు ఉత్తరాలు రాసి జవాబు కోసం కూర్చునేవాణ్ణి. మేడమ్ ఆ ఉత్తరాలూ పంపింది, పక్కనే ఒక ప్రశ్న కూడా అడిగింది. "ఈ ఫోను నీ చెయ్యి దాటి ఎప్పుడెప్పుడు పోయింది?"

రత్న ఆలోచించి చెప్పింది. ఒక్కసారే పోయింది. డిస్‌ప్లే పగిలితే హోసూరులో ఒక రిపేరు అంగట్లో రెండు రోజులు ఇచ్చింది. అంగడివాడు లాక్ అడిగితే గీసి చూపించింది. అతను ఆ గీతను చీటీ మీద వేసి ఫోను వెనకాల అంటించాడు.

ఆ అంగట్లో నా ఫోను కూడా రిపేరు చేయించుకున్నాను. నా ఫోను వెనకాల కూడా చీటీ అంటించాడు. నవ్వుతూ టీ తెప్పించాడు కూడా. నేను పోలీసును కదా, నాదేం చేస్తాడు అనుకున్నాను.

వారం తిరగకముందే ఆ ఖాతా వివరాలు వచ్చాయి, అవి మమ్మల్ని ఆ అంగడి ఇంటర్నెట్ దగ్గరికే తెచ్చాయి. అతని కంప్యూటర్‌లో ఎంతమంది ఆడవాళ్ళ ఫోటోలు ఉన్నాయో చెప్పడం నాకు ఇష్టం లేదు. రత్న ఫోటో ఇంకా ఏ గ్రూపుకూ పోలేదు. ఐటీ చట్టం సెక్షన్లు కట్టి అతన్ని రిమాండుకు పంపాం. కల ఆ రోజు పులిహోరతో పాటు మైసూర్‌పాక్ తెచ్చింది. నేను బస్సులో హోసూరు దాకా ఈల వేసుకుంటూ పోయాను.

కొత్తగా చేరిన పిల్లలూ, ఈ సంగతి ఇంతవరకే మీకు చెబితే చప్పట్లు కొడతారు. ఉత్తరాలు పంపండి, దానితో పాటు చెయ్యి దాటిన రోజు ఏదని అడగండి. లాకు చీటీ మీద రాసి ఇవ్వొద్దని ఇంట్లో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు చెప్పండి. ఇది పాఠమే. కానీ నేను దీనికోసం కలం పట్టలేదు.

శీనప్ప అడిగింది

రెండు వారాల తరువాత శీనప్ప ఒక్కడే మేడ ఎక్కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఫోటో యాడా రాలేదు అన్నారు గదా?"

"రాలేదప్పా. నా బిడ్డల మీద ఒట్టు."

"మరి ఊర్లో అందరికీ ఎట్ల తెలిసె? మా అమ్మను నీళ్ళ కాడ అడిగినారంట, నీ కోడలికి రొమ్ములో ఏమో అయ్యిందంట గదా, ఫోటో ఎవడో పెట్టుకొన్యాడంట గదా అని. ఈమె కంపెనీ బస్సు ఎక్కేది మానేసింది. ఎక్కితే అందరూ మాట ఆపేస్తారంట."

అంగడివాడు ముందే ఎక్కడో పెట్టేసి ఉంటాడు అనుకున్నాం. వారం రోజులు నేనూ కలా ఆ చుట్టుపక్కల ఊర్ల గ్రూపులన్నీ గాలించాం. ఏమీ దొరకలేదు. అప్పుడు నేను ఒక పాపం చేశాను. రత్నకు ఫోన్ చేసి, "నువ్వే ఎవరికన్నా చెప్పుకున్నావేమో గుర్తు చేసుకో అమ్మా" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

మేడమ్ మా రిజిస్టరు తెప్పించుకుంది. రత్న వచ్చిన రోజు, అదే గంటకు, ఫోను పోయిందని ఫిర్యాదు ఇచ్చిన పెద్దాయన ఊరి పేరు చూసింది. రత్న ఊరి పక్క ఊరు. రిజిస్టరు మీద వేలు పెట్టి నన్ను పిలిచింది. అడిగింది తమిళంలోనే, మెల్లగానే.

"ఆ రోజు ఆమెకు ఏ భాషలో చదివి వినిపించారు?"

"తెలుగులో మేడమ్."

"ఎక్కడ?"

"నా బల్ల దగ్గర."

"ఎంత గట్టిగా?"

తల ఎత్తి బెంచీ వైపు చూశాను, ఖాళీగా ఉంది. ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబిచ్చే నేల మాది. ఆ మాట పొరుగు జిల్లాల వాళ్ళకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ పెద్దాయన తమిళంలో జవాబిచ్చాడంటే నేను తమిళంలో అడిగాను కాబట్టి ఇచ్చాడు, అంతే. ఇంటికి పోయి ఆయన మాట్లాడేది తెలుగే.

ఆయన మీద నాకు కోపం లేదు. పోయి అడిగితే దాచలేదు. "పాపం, ఆ బిడ్డకు ఇట్లయిందే అని మా ఇంట్లో చెప్పినాను సారూ. చెడ్డగా ఏమీ చెప్పలేదు" అన్నాడు. ఊరంతా పాపం అంటూనే చెప్పుకుంది. అంగడివాడు చేస్తానని బెదిరించిన పనిని అతను చేయలేకపోయాడు, నేను చేసి పెట్టాను.

నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, అక్కడితో అది అయిపోయింది. మరుసటి వారం మేడమ్ బెంచీని కిందికి పంపించేసింది. తన గది రెండో తాళం చెవి కలకు ఇచ్చింది. ఎవరి ఫిర్యాదు చదివినా తలుపు వేసుకుని, పక్క మనిషికి వినబడేంత గొంతుతోనే చదవాలని చెప్పింది. నా మొహం మీద అరిచి ఉంటే బాగుండు అనిపించింది. అరవలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

జవళగిరి బస్సు

కేసు విచారణకు వచ్చే రోజులకు రత్న కోర్టుకు రానని కబురు పంపింది. ఆమె రాకపోతే అంగడివాడి లాయరు కేసును నిలబడనివ్వడు. మేడమ్ నన్ను పొమ్మనలేదు. నేనే పోతానన్నాను.

జవళగిరిలో బస్సు దిగి నడిచాను. రత్న గొర్రెల దొడ్డి దగ్గర ఆకు వేస్తూ ఉంది. అత్త నన్ను చూసి లోపలికి పోయింది. నిలబడే చెప్పాను.

"అమ్మా, నీ మాట ఊర్లోకి పోయింది నా నోట్లోంచే. ఆ పొద్దు నేను గట్టిగా చదివినాను. బెంచీ మీద ఉన్నాయన విన్నాడు. పైగా నిన్నే అనుమానించి అడిగినాను. నాది తప్పు."

ఆమె ఆకు వేయడం ఆపకుండానే అంది.

"మీరు చదవతా ఉంటే ఆయన మన పక్కకు చూసినాడు సార్. నాకు తెలిసె. ఆపండి అని చెప్పాల అనుకొంటిని. కానీ అంతసేపూ ఆ రాసే ఆమెతో అరవంలో మాట్లాడతా ఉండి, మీరు తెలుగులో చదివినారు గదా. మా అన్న చదివినట్ల ఉండె. ఎట్ల ఆపేది అని ఊరుకొన్యాను."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు, రాయి విసిరినవాళ్ళు ఉన్నారు. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోలీసువాడు ఏడవడం బాగుండదని దొడ్డి వైపు తిరిగి నిలబడ్డాను.

"కోర్టులో గూడా మీరే చదవతారా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆడ నేను నీ పక్కన కూడా ఉండను. నా సాక్ష్యం వేరేగా తీసుకుంటారు."

"అట్లయితే వస్తాను" అంది.

వాయిదా రోజు

ఆ రోజు కోర్టు హాలు నిండుగా ఉంది. వేరే కేసుల వాళ్ళు, లాయర్లు, మా పోలీసులు, జవళగిరి వైపు నుంచి కూడా ఎవరో ఇద్దరు ముగ్గురు. శీనప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రత్న సాక్షి బోనెక్కింది. మేజిస్ట్రేటు ఒక అమ్మ, తెలుగు బాగా వచ్చినామె. ఫైలు చూసి, అందరూ బయటికి పోవాలని ఆజ్ఞ ఇచ్చింది.

జనం లేస్తుంటే రత్న అంది. "ఉండనీండి అమ్మా. ఈళ్ళకందరికీ ముందే తెలుసు."

లేచినవాళ్ళు లేచినట్టే ఆగారు. నేను తలుపు దగ్గర యూనిఫాంలో నిలబడి ఉన్నాను. కాళ్ళ కింద నేల చూడటం తప్ప ఏం చేయాలో తోచలేదు.

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసింది. "వాళ్ళు విన్నది ఎవరో చెప్పింది. నువ్వు చెప్పేది వాళ్ళు ఇంకా వినలేదు. అది ఎవరు వినాలో ఎంచుకునేది నువ్వు. నువ్వు ఉండమంటే ఉంటారు. ఏమంటావు?"

రత్న హాలంతా ఒకసారి చూసింది. ఊరివాళ్ళను చూసింది, భర్తను చూసింది. నా దగ్గర కొంచెం ఆగింది.

"మా ఆయన ఉండనీండి" అంది. "మిగిలినోళ్ళందరూ పోవాల."

అందరం బయటికి వచ్చాం. అంగడివాడికి తరువాత శిక్ష పడింది. ఆ రోజు మాత్రం నేను వరండాలో చెట్టు నీడ పడే మూల నిలబడ్డాను. కల ఫ్లాస్కులో టీ తెచ్చి ఇచ్చింది. గంటన్నరకు తలుపు తీశారు, రత్న శీనప్పతో మెట్లు దిగి నడిచి పోయింది. లోపల ఆమె ఏం చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను ఎవరినీ అడగలేదు.